చిట్టా నుంచి ఆవర్జాకు

పత్తి కొట్లలో గుమస్తాలు పగలంతా చిట్టా రాసి, పొద్దుగూకాక దాన్ని ఆవర్జాకు ఎక్కించేవారు. రెండు మొత్తాలూ కలవందే లేచేవారు కాదు. పిడుగురాళ్లలో కూర్చుని నేను కంప్యూటర్‌తో చేసేదీ ఆ పనే. పత్తి మిల్లులో కాటా దగ్గరి కంప్యూటర్ సాయంత్రానికి ఒక టెక్స్ట్ ఫైలు ఇస్తుంది. సర్వర్‌లో ఉన్న పీహెచ్‌పీ స్క్రిప్టు దాన్ని ఒక్కో వరుసే చదివి మైఎస్‌క్యూఎల్ పట్టికలోకి ఎక్కిస్తుంది.

వరుసకో బండి. చీటీ నంబరు, కామా, రైతు పేరు, కామా, నికర తూకం. కొన్నేళ్ల కిందట ఒక మిల్లులో కాటా కుర్రాడు పేరు పక్కన కామా పెట్టి ఊరు కూడా కొట్టాడు. దాంతో ఊరి పేరు తూకం గడిలో పడింది. అసలు తూకం నాలుగో గడికి జరిగి రాలిపోయింది. తప్పుడు విలువ వస్తే ఒప్పుకోని స్ట్రిక్ట్ మోడ్‌ను డేటాబేస్‌లో ఆపేసి ఉంచారు. అందుకని అది అక్షరాలను సున్నాగా మార్చి, ఒక హెచ్చరిక రాసుకుని ముందుకు సాగిపోయింది. ఆ హెచ్చరిక చూడమని నేను స్క్రిప్టులో రాయలేదు. పది రోజులకు ఆ రైతు నలిగిన చీటీ పట్టుకొచ్చాడు. చీటీలో 11 క్వింటాళ్ల 40 కిలోలు. మా తెర మీద సున్నా. “బాబూ, నా పత్తి ఏమైనట్టు?” అన్నాడాయన. ఆ మాట నాకింకా వినబడుతూనే ఉంది.

అప్పట్నుంచి పేర్లు కోట్‌ల మధ్యే రావాలన్నాను. వరుసను గడులుగా విడదీసే పీహెచ్‌పీ ఫంక్షన్ ‘ఎఫ్‌గెట్‌సీఎస్‌వీ’ కోట్‌లలోని కామాను గడుల మధ్య గీతగా లెక్కపెట్టదు. ఫైలును నేరుగా అసలు పట్టికలోకి పోనివ్వను. ముందు తాత్కాలిక పట్టికలో దించి, వరుసల లెక్క, తూకాల మొత్తం కాటా వాళ్లిచ్చిన అంకెలతో సరిచూస్తాను. ట్రాన్సాక్షన్ పెట్టాను కాబట్టి మధ్యలో ఏది చెడినా మొత్తం వెనక్కి పోతుంది. చీటీ నంబరుకు యూనిక్ కీ ఉంది, అదే ఫైలు రెండోసారి తోసినా బండి రెండుసార్లు ఎక్కదు. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లను అక్షరాలుగానే దాస్తాను, లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి.

తెలుగు పేర్లది ఇంకో బాధ. యూటీఎఫ్-8లో మన అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు. పాత లాటిన్ పట్టికలో వేస్తే పేరంతా ప్రశ్నార్థకాలే. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి మన అక్షరాలు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 దానంతటదే ఉంటోంది, పాత పట్టికలను మాత్రం మనమే మార్చాలి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టిన జాబితా అయితే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలను ఒకటే కోరతాను. స్క్రిప్టు ఆగేటప్పుడు ఎన్ని వరుసలు వచ్చాయి, ఎన్ని ఎక్కాయి, ఎన్ని ఆగిపోయాయి అనే మూడు అంకెలు చూపించండి. ఆగిపోయినవాటిని వరుస నంబరుతో వేరే ఫైల్లో రాయండి. ఆ ఫైలు ఆ రాత్రే తెరిచి చూడండి.