మత్తు డాక్టరు చేతి చదువు

సంక్రాంతికి సంగం పోయినప్పుడు మా తమ్ముడి కూతురు బ్యారేజీ మీద నడుస్తూ అడిగింది. "పెదనాన్నా, అమెరికా పోతే నా మూడేళ్ల ఎండీ లెక్కలోకి వస్తుందా?" ఆ పిల్ల చదివింది ఎనస్థీషియా. నేనూ అదే. "రాదమ్మా, మళ్లీ మొదటినుంచే" అన్నాను. పెన్న వైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడ ఎండీ చేసి, ఐదేళ్లు అర్ధరాత్రి సిజేరియన్లకు స్పైనల్ ఇచ్చి అమెరికా వెళ్లాను. అక్కడి లైసెన్సు పరీక్షలు యూఎస్ఎంఎల్ఈ రాసి, రెసిడెన్సీ సీట్లు పంచే మ్యాచ్‌లో సీటు తెచ్చుకుని, ఒక ఏడాది ఇంటర్న్‌గా, మూడేళ్లు రెసిడెంటుగా నాలుగేళ్లూ తిరిగి చదివాను. తొలి వారంలో నాకంటే పదేళ్లు చిన్నవాడు సూది పట్టుకోవడం నేర్పాడు.

స్పైనల్ అంటే, తల్లి పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుంటుంది. వెన్నుపూసల మధ్య సందును వేలితో వెతికి సూది దించుతాం. లోపలి గట్టి పొర దాటగానే ‘టప్’మంటుంది. అది చెవికి వినపడదు, వేలికే తెలుస్తుంది. లోపలి తీగ లాగితే సూది చివర తేటనీటి చుక్క. నెల్లూరైనా అమెరికా అయినా ఆ ‘టప్’ ఒకటే.

అక్కడ నేర్చుకున్నది లేదనను. కొత్త యంత్రాల వాడకం, పొరపాటు జరిగితే అందరూ కూర్చుని దాన్ని విప్పి చూసే అలవాటు అక్కడే వచ్చాయి. వాటికి పెద్ద డాక్టరు కనుసన్నల్లో ఒక ఏడాది చాలు.

వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకూ, ఇక్కడి పట్టా అక్కడ చెల్లదనే ఈ గోడే అడ్డొచ్చింది. ఖద్దరు కట్టినందుకు మద్రాసులో తెల్ల ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ పట్టాతో బయటపడ్డారు. 1923లో బోస్టన్ చేరితే ఆ పట్టాకు డాక్టరు ఉద్యోగం దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి పొట్టపోసుకున్నారు. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం కనిపెట్టిన హెట్రజానే మన కోస్తాలో ఇల్లిల్లూ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర, డీఈసీ.

అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పీజీ పట్టాలను 2008 నుంచి మన దేశం ఒప్పుకుంటోంది. మన ఎండీని అమెరికా అలా ఒప్పుకోదు. ఇది న్యాయం కాదు. అయితే అమెరికాలోనే టెన్నెస్సీ రాష్ట్రం 2023లో, బయటి దేశాల్లో శిక్షణ పొందినవాళ్లకు తాత్కాలిక లైసెన్సు ఇచ్చేలా చట్టం తెచ్చింది. స్పెషలిస్టు బోర్డు గుర్తింపు మాత్రం దాంతో రాదు. బ్రిటన్‌లో పోర్ట్‌ఫోలియో దారి ఉంది. అక్కడ మనం చేసిన పనికి కాగితాలు చూపించి స్పెషలిస్టు గుర్తింపు అడగొచ్చు.

ఆ కాగితాలే నా దగ్గర లేకపోయాయి. లాగ్‌బుక్‌లో సంతకాలు తర్వాత పెట్టించుకుందామనుకున్నాను. మా ప్రొఫెసరు గారు రిటైరై వెళ్లిపోయారు.

మా పిల్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. బయటికి పోవాలనుకునే పీజీలు ఏ కేసు చేసినా ఆ రాత్రే లాగ్‌బుక్‌లో రాసి, మర్నాడే సంతకం, సీలు వేయించుకోండి.