ఉక్కునగరంలో ఇనుప సిరా

చేత్తో గ్రీటింగు కార్డు చేయాలనుకునే వారు ముందు స్టేషనరీ కొట్టుకు వెళ్లి స్టాంపు ప్యాడ్ కొంటారు. విశాఖపట్నంలో ఉన్నవారికి ఇంకో దారి ఉంది. కార్డు నేపథ్యానికి అద్దే నల్లరంగుకు కావలసిన మూడు సరుకులూ ఈ ఊళ్లోనో, చుట్టుపక్కలో దొరుకుతాయి. తుప్పుపట్టిన మేకులు ఏ పాత ఇనుప కొట్టులోనైనా ఉంటాయి. బెల్లానికి అనకాపల్లి ఉంది. కరక్కాయలు మన్యం అడవులవి. విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో అవీ ఉంటాయి.

వీటిని కలిపే విద్య మాత్రం కృష్ణా జిల్లాది. మచిలీపట్నం, పెడన కలంకారీ పనివారు గుడ్డ మీద నల్లగీతను ఇలాగే తెస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియనిస్తారు. పులిసిన బెల్లంలో పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. ఆ నీరు చూడటానికి నల్లగా ఉండదు. కరక్కాయ కషాయం పట్టించిన గుడ్డను తాకినప్పుడే, ఆ కాయలోని వగరుతో కలిసి నలుపవుతుంది. అద్దిన క్షణంలో బూడిదరంగులో ఉన్న గీత గాలి తగిలేకొద్దీ చిక్కబడుతుంది. యూరప్‌లో వందల ఏళ్లు దస్తావేజులు రాసిన సిరాలోనూ ఇదే రసాయనం. అక్కడ కరక్కాయకు బదులు ఓక్ చెట్టు బుడిపెలు వాడారు.

కార్డుకు నూలు గుజ్జుతో చేసిన మందపాటి చేతికాగితం మేలు. దంచిన కరక్కాయను వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, వెడల్పాటి కుంచెతో కాగితమంతా ఒక పూత వేయాలి. ఆరాక లేత పసుపు డాలు వస్తుంది. ఈ డాలే సగం నేపథ్యం. ఇనుప నీటిలో తుమ్మజిగురు కలిపి చిక్కబరిస్తే అచ్చు అంచు దాటి పాకదు.

అద్దకంలో చాలామంది పట్టించుకోనిది అచ్చు కింద ఉండే బల్ల. పెడనలో టేకు అచ్చులు వాడతారు. అక్కడి బల్లల మీద గోనెపట్టాలూ గుడ్డలూ మడతలుగా పరిచి ఉంటాయి. చెక్క వంగదు కాబట్టి కింద మెత్తన కావాలి. అప్పుడే పిడికిలితో గుద్దిన దెబ్బకు అచ్చంతా సమంగా ఆనుతుంది. రబ్బరు స్టాంపుకు ఇది తిరగబడుతుంది. రబ్బరే మెత్తన కనుక కింద గట్టి బల్ల ఉండాలి. మెత్తటి పరుపు మీద నొక్కితే గీతల మధ్య గుంటల్లోని సిరా కూడా కాగితానికి అంటుకుంటుంది. అచ్చు బాగా పడలేదని స్టాంపును తిట్టే ముందు బల్లను చూడండి.

అచ్చుతోనే కాదు, కత్తిరించిన అట్టతో అద్దే స్టెన్సిల్‌తోనూ కార్డు చేయవచ్చు. అది రేవు పట్టణాలకు కొత్తది కాదు. సరుకు మూటల మీదా చెక్కపెట్టెల మీదా చేరవలసిన ఊరి పేరు దానితోనే అద్దేవారు. తెలుగు అక్షరాలకు స్టెన్సిల్ కోయడం కాస్త కష్టం. సున్నాలో, థలో, రలో మూసుకున్న గుండ్రాలుంటాయి. లోపలి ముక్క ఊడిపడకుండా ప్రతి గుండ్రానికీ సన్నని పట్టీలు వదలాలి. ఆ పట్టీల ఖాళీలు కార్డు మీద అందంగానే ఉంటాయి, వాటిని తర్వాత కుంచెతో పూడ్చవద్దు. రంగు ముంచిన కుంచెను ముందు పాతగుడ్డ మీద అద్ది దాదాపు పొడిగా చేయాలి. నిటారుగా పట్టి పొడుస్తున్నట్టు తట్టాలి. పక్కకు లాగితే రంగు స్టెన్సిల్ కిందికి చేరుతుంది. విశాఖ ఉక్కపోతలో నీటిరంగు ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఒక పొర పూర్తిగా ఆరకుండా రెండోదానికి వెళ్తే పూతంతా మురికవుతుంది.

నేపథ్యం నేపథ్యంగానే ఉండాలన్నది నా పట్టుదల. ఒకసారి రంగు అద్దుకున్న అచ్చును మళ్లీ ప్యాడ్ మీద పెట్టకుండా రెండోసారి, మూడోసారి నొక్కండి. ముద్రలు ఒకదాని వెనుక ఒకటి పలచబడుతూ కాగితానికి లోతు వస్తుంది. కొన్ని ముద్రలు కాగితం అంచు దాటి సగమే పడాలి. నిండు ముద్రలన్నీ మూలలకు నెట్టి, మధ్యలో మాట రాసుకునే చోటు ఖాళీగా వదలాలి. ఉగాదికో పెళ్లికో పంపే కార్డు అందుకున్నవారు అందులో వెతికేది మన చేతిరాతనే.

ఇనుప సిరాకు ఒక దోషం ఉంది. దానిలోని ఆమ్లం, ఇనుము కలిసి ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తాయి. మ్యూజియంలలోని పాత కోరమాండల్ అద్దకపు గుడ్డల్లో నల్లని చోట్లే ముందుగా చిరుగులు కనిపిస్తాయి. పెడనలో గుడ్డను పారే నీటిలో ఉతికి మిగులు ఇనుమును వదిలిస్తారు. కార్డును అలా ఉతకలేం. అందుకే ఇనుప నలుపును సన్నని గీతలకే వాడతాను, పెద్ద మచ్చలుగా పరచను. దాచుకోవలసిన కార్డయితే నలుపుకు కొట్లో దొరికే పిగ్మెంట్ సిరానే వాడి, కరక్కాయ పూత మానేసి, పసుపు డాలుకు ఉడికించి వడకట్టిన దానిమ్మ తొక్కల నీటిని చాలా పలచగా పూస్తాను.