ప్రసాదము – పణ్యము: తిరుపతి లడ్డూ నామరక్షణ విమర్శ

వంటకము భగవంతునకు అర్పింపబడిన పిమ్మటనే ప్రసాదమగును. విపణికెక్కినచో అదియే పణ్యమగును. ఈ రెండు పదముల నడుమగల అంతరము తిరుపతి లడ్డూ విషయమున విచారింపదగియున్నది.

2009లో ఈ లడ్డూకు భౌగోళిక సూచిక లభించినది. దేశమున కంతటికి ఒక్కటియైన ఆ నమోదు కార్యాలయము చెన్నై గిండీలోనే కలదు. అందుకు మూలమైన 1999 నాటి చట్టము 2003 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చినది. అది ఆహారపదార్థములను గూడ వస్తువులలోనే చేర్చినది. ప్రసాదమునకు వేరు వర్గమును కల్పింపలేదు.

నమోదును సమర్థించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. పుణ్యక్షేత్రము పేర నకిలీ సరకు నమ్మి భక్తులను మోసగించుట తగదు. పైగా ఈ హక్కును అమ్ముటకుగాని, తాకట్టు పెట్టుటకుగాని చట్టము అంగీకరింపదు. పదేండ్ల కొకమారు నమోదును పునరుద్ధరించుకొనవలెను.

అయినను ఒక చిక్కు కలదు. ఇట్టి సూచిక ఒక ప్రాంతపు ఉత్పత్తిదారుల సమూహమునకై ఉద్దేశింపబడినది. 2023లో సూచిక పొందిన ఆత్రేయపురపు పూతరేకులు పెక్కు ఇండ్ల స్త్రీల చేతిపని. తిరుమల లడ్డూకు కర్త ఒక్క దేవస్థానమే. 2019లో సూచిక పొందిన పళని పంచామృతము విషయమునను ఇట్టి ప్రశ్నయే పొడసూపును. సమష్టి సంపదకై పుట్టిన చట్టము ఇచ్చట ఏకసంస్థకు కవచమైనది.

ఇంతకును వారసత్వ మెందున్నది? దిట్టములో నున్నది. 2001లో సవరించిన దిట్టము ననుసరించి 5,100 లడ్డూలకు 180 కిలోల శెనగపిండి, 165 కిలోల నెయ్యి, 400 కిలోల చక్కెర, వానితో జీడిపప్పు, కిస్‌మిస్, కలకండ, ఏలకులు చేరవలెను. ఈ కొలతయు, పోటులోని పాకశుద్ధియు తప్పినచో పేరు మిగిలియు ప్రయోజనము లేదు. 2024లో నేతి నాణ్యతపై వివాదము రేగగా, అత్యున్నత న్యాయస్థానము స్వతంత్ర దర్యాప్తు బృందమును ఏర్పరచినది. నాడు భక్తులు కలతపడినది పేరును గూర్చి కాదు, నేతిని గూర్చి.

త్యాగరాయనగరమున వేంకటనారాయణ వీథిలోని దేవస్థానపు ఆలయమునకు వచ్చు తెలుగు బిడ్డలకు లడ్డూ రుచి తెలియును. పోటు, దిట్టము అను మాటల నెరిగినవారు వారిలో అరుదు. పేరును దస్త్రము కాపాడవచ్చును. పాకమును పోటువారును, పలుకును పెద్దలును కాపాడవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను ప్రసాదము పణ్యముగనే మిగులును.