ఒక్కరే ఉన్న గ్రూపు

డెబియన్‌లోగానీ ఉబుంటులోగానీ టెర్మినల్ తెరిచి 'సుడో యాడ్‌యూజర్ రవి' అని కొడితే, ఆ కమాండ్ తాను చేస్తున్న పనిని వరసగా చెప్పుకుంటూ పోతుంది. ముందు రవి పేరుతో ఒక గ్రూపు పుడుతుంది. తర్వాత ఆ గ్రూపులో రవి అనే యూజర్ చేరతాడు. హోమ్ ఫోల్డర్ ఏర్పడి, కొత్తవాళ్ల కోసం 'స్కెల్' అనే చోట సిద్ధంగా ఉంచిన ఫైళ్లు అందులోకి వస్తాయి. ఆపైన పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. టైపు చేస్తున్నప్పుడు చుక్క కూడా కనబడదు కాబట్టి పక్కనున్నవాళ్లకు ఎన్ని అక్షరాలో కూడా తెలియదు. చివర్లో పూర్తి పేరు, గది నంబరు, ఆఫీసు ఫోను, ఇంటి ఫోను అడుగుతుంది. ఒక కంప్యూటర్‌ను ఆఫీసంతా పంచుకున్న రోజుల నాటి ప్రశ్నలవి. ఇప్పుడు ఎంటర్ కొట్టి దాటేయొచ్చు.

ఈ పెర్ల్ ప్రోగ్రాం తొలి రూపం 1994లో డెబియన్ స్థాపకుడు ఇయాన్ మర్డాక్‌ది. దాన్నుంచి చాలా తీసుకుని 1995లో టెడ్ హాజెక్ మళ్లీ రాశాడు. అసలు పని కింద 'యూజర్‌యాడ్' అనే మరో కమాండ్ చేస్తుంది. అది అడిగింది మాత్రమే చేసి ఊరుకుంటుంది, ఒక్క ప్రశ్న వేయదు. మనిషికి కావలసిన క్రమం, హెచ్చరిక, సరిచూసుకునే అవకాశం పైనున్న ఈ పొరలో ఉన్నాయి.

ఇంత జరిగాక ముఖ్యంగా మిగిలేది మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఒక్క వరస. కోలన్ గుర్తులతో విడదీసిన ఏడు గళ్లు: పేరు, ఎక్స్ అక్షరం, యూజర్ నంబరు, గ్రూపు నంబరు, పూర్తి పేరు, హోమ్ ఫోల్డర్, షెల్. గ్రూపు ముందు పుట్టాల్సిన అవసరం ఇక్కడ తెలుస్తుంది. దాని నంబరు లేకుండా నాలుగో గడి నిండదు. లాగిన్ పేరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఉండాలి గానీ, అయిదో గడిలోని పూర్తి పేరు తెలుగు లిపిలోనూ ఉండొచ్చు.

రెండో గడిలోని ఎక్స్ వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు గిలక్కొట్టిన పాస్‌వర్డ్ అక్కడే ఉండేది, ఆ ఫైల్‌ను ఎవరైనా చదవొచ్చు. ఊహించి పట్టేవాళ్ల పని కష్టం చేయడానికి లెక్కను కావాలని నెమ్మదిగా నడిపించడం, ప్రతి పాస్‌వర్డ్‌కూ వేరే 'సాల్ట్' కలపడం గురించి బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో పత్రం రాశారు. యంత్రాల వేగం పెరిగాక అదీ చాలలేదు. అసలు సరుకు 'షాడో' అనే ఫైల్‌కు మారింది. మామూలు యూజర్ దాన్ని తెరవలేడు.

కంప్యూటర్‌లో రవి ఫైళ్ల మీద ఉండేది అతని పేరు కాదు, అతని నంబరు. పేరు మార్చుకుంటే మారేది ఖాతా వివరాల్లో కొన్ని గళ్లు, అతని వేల ఫైళ్లలో ఒక్కటీ కదలదు. ఎంత పొదుపైన ఏర్పాటో చూడండి.

అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది మాత్రం మొదట పుట్టిన ఆ గ్రూపే. రవి పేరున్న గ్రూపులో రవి ఒక్కడే. ఒంటరిగా ఉన్నవాడికి గ్రూపెందుకు? పైకి దండగలా కనబడే ఈ పద్ధతి వల్లే నలుగురూ కలిసి పని చేయడం కుదురుతోంది.

ఫైల్‌కు సొంతదారు, గ్రూపు, మిగతావాళ్లు అని మూడు వర్గాలు. ఒక్కొక్కరికీ చదవడం, రాయడం, నడపడం అనే మూడు హక్కులు. అందరినీ ఒకే గ్రూపులో వేస్తే, గ్రూపుకు రాసే హక్కు ఇవ్వగానే ప్రతివాడి ఫైళ్లనూ అందరూ మార్చేయొచ్చు. హక్కు తీసేస్తే ఉమ్మడి ఫోల్డర్‌లో ఒకరు పెట్టిన ఫైల్‌ను మరొకరు సరిదిద్దలేరు. ఎవరి గ్రూపు వాళ్లకుంటే ఈ ఇరకాటం ఉండదు. కొత్త ఫైళ్లన్నిటికీ గ్రూపు రాసే హక్కు ధైర్యంగా ఇవ్వొచ్చు, ఆ గ్రూపులో ఉన్నది తానొక్కడే కదా. ఇక రవి, వాళ్లక్క సీత కలిసి ఇంటి ఫొటోలు సర్దాలంటే 'ఇల్లు' అనే గ్రూపు పెట్టి ఇద్దరినీ చేర్చి, ఉమ్మడి ఫోల్డర్‌ను ఆ గ్రూపుకిచ్చి, దానికి 'సెట్‌జిఐడి' గుర్తు వేస్తే చాలు. అక్కడ కొత్తగా పుట్టే ప్రతి ఫైల్‌కూ సొంత గ్రూపుకు బదులు 'ఇల్లు' వస్తుంది. పైన చెప్పినట్టు గ్రూపుకు రాసే హక్కు ఇచ్చి ఉంటే ఇద్దరికీ ఆ హక్కు వచ్చేస్తుంది. తమ్ముడు ఫొటో పెట్టిన ప్రతిసారీ అక్క అనుమతి అడగనక్కర్లేదు.

ఉన్న యూజర్‌ను గ్రూపులో చేర్చే దారులు ఒకటి కన్నా ఎక్కువే. వాటిలో 'యూజర్‌మాడ్' ప్రమాదకరం. పెద్ద జీ ముందు చిన్న ఏ పెట్టడం మరిస్తే, కొత్త గ్రూపులో చేర్చుతూనే మీరు పేర్కొనని అదనపు గ్రూపులన్నిటి నుంచీ తీసేస్తుంది. అందులో అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చే సుడో గ్రూపు కూడా ఉంటే కంప్యూటర్ మీద పెత్తనమే పోతుంది. ఒక్క అక్షరానికి ఇంత శిక్ష వేసేది మంచి పనితనం కాదు. 'యాడ్‌యూజర్ రవి ఇల్లు' అని రెండు పేర్లు చెబితే మాత్రం చేర్చడమే జరుగుతుంది, తీసేయడం ఉండదు.

గ్నోమ్ సెట్టింగ్స్‌లో కొత్త యూజర్‌ను చేర్చడం ఇంకా తేలిక. కానీ అక్కడ గ్రూపులు అసలు కనబడవు. అడ్మినిస్ట్రేటర్ అనే మీట వెనక ఉన్నది సుడో గ్రూపేనని చెప్పదు. అందుకే 'ఇల్లు' లాంటి గ్రూపు కావాలంటే టెర్మినల్‌కు రావాల్సిందే. గ్రూపుల జాబితా లాగిన్ అప్పుడే చేతికి వస్తుంది కాబట్టి, చేర్చిన తర్వాత రవి ఒకసారి లాగవుట్ అయి మళ్లీ రావాలి. అప్పుడు 'ఐడీ' అని కొడితే అతని సొంత గ్రూపు పక్కన 'ఇల్లు' కూడా కనబడుతుంది.