యోనా వదలివేసిన మాట

యోనా కోపాన్ని యూదుల సంకుచితత్వానికి గుర్తుగా బోధించుట మన సంఘాలలో పాత అలవాటు. దానితో మేము ఏకీభవించలేము. క్రీ.పూ. 722లో అష్షూరు చేతిలో షోమ్రోను కూలిన సంగతి ఎరిగిన పాఠకులకు నీనెవె ఏదో ఒక అన్య పట్టణము కాదు.

4:1ని హెబ్రీ మూలంలో ఉన్నదున్నట్టు చదివితే, దేవుని కనికరము యోనాకు గొప్ప 'రాఆ', అనగా కీడుగా తోచింది. నీనెవె చెడుతనానికి (1:2), దేవుడు చేయక మానిన కీడుకు (3:10) వాడిన మాట అదే. తెలుగులో వేర్వేరు మాటలు పడినందున ఈ పునరుక్తి మనకు కనబడదు. నీనెవెను విడిచిన కీడు ప్రవక్తలో చేరింది.

రెండవ వచనము మరింత ముఖ్యం. నిర్గమకాండము 34:6లోని ఒప్పుకోలునే యోనా వల్లిస్తాడు గాని 'ఎమెత్', అనగా సత్యము, అన్న మాట వదలివేస్తాడు. యోవేలు 2:13లోనూ ఇదే రూపమున్నది, నిజమే. అయితే యోనా అమిత్తయి కుమారుడు. తండ్రి పేరులోనే ఎమెత్ ఉన్నది. అటువంటివాడు ఆ మాట వదలి దేవుని గుణాలు చెబితే అది స్తుతి కాదు, ఫిర్యాదు. నలభై దినాల గడువుకు భయపడి గోనె కట్టినవారిని నమ్మేదెలా అన్నదే అతని బాధ.

మార్కాపురం, గిద్దలూరు వైపు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో పేదలకు కూలి చూపిన క్లౌ దొర, తిండి కోసం చేరువారన్న సందేహంతో బాప్తిస్మములు నిలిపివేశాడు. తిరిగి ఆరంభించాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. కంభం చెరువును నింపి వచ్చే యేరు అదే. క్లౌను యోనా అనుట మా ఉద్దేశం కాదు. ఆయన సందేహించాడే గాని అలగలేదు. అయితే గంజికి కలిశారన్న నింద మోసిన ఆ తరం మనుమలే నేడు కొత్తవారిని అదే తూకం వేయగా మేము విన్నాము.

దేవుని జవాబు గమనించండి. నీనెవెవారి మారుమనస్సు నిజమైనదని ఆయన ఒక్క మాటైనా వాదించడు. మనం సొరచెట్టుగా చదివే 'కీకాయోన్' ఆముదమని పలువురు పండితుల అభిప్రాయం. ఆముదం ఒక్క రాత్రిలో ఎదగదని మెట్టరైతుకు చెప్పనక్కరలేదు. (అక్కడి వడగాలి తూర్పుది, మనకు పడమటిది. బోధకులు ఈ తేడా చెప్పాలి.) ఆ నీడకు యోనా చూపిన అర్హత ఏమీ లేదు. నాటలేదు, పెంచలేదు.

కుడియెడమలెరుగని 1,20,000 మందికి పైగా జనులను చూపి, ఆ వెనుక దేవుడు పశువులను పేర్కొంటాడు. గ్రంథము అక్కడే ఆగుతుంది. మేత లేక ఎడ్లను సంతకు తోలిన ఈ సీమలో బోధకులు ఆ మాటను దాటిపోవుట మాకు వింతగా ఉన్నది. 3:8లో వాటికి కూడా గోనె కట్టారు. వాటి మనస్సును యోనా సైతం పరీక్షించలేడు.