ముందుగా వెనక సీట్లో కూర్చోండి

ఎవరైనా కొత్త కారు కొన్నారని తెలిస్తే మన దగ్గర ప్రశ్నలు వరస కడతాయి. ఆన్‌రోడ్ ఎంత పడింది? మైలేజీ ఎంతిస్తుంది? సన్‌రూఫ్ ఉందా? నేను అడిగేది ఒక్కటే: వెనక సీట్లో కూర్చుని చూశారా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. లక్షలు పోసి కొనే బండిలో, ఇంట్లో ఎక్కువమంది కూర్చునే చోటు చూడకుండానే డబ్బు కట్టేస్తున్నారు.

కార్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. సిద్దిపేటలో మా చుట్టాల్లో, సోపతిగాళ్లలో ఎవరు కారు కొనాలనుకున్నా షోరూమ్‌కు నన్ను వెంటబెట్టుకుని పోతారు. అలా తోడు పోయీ పోయీ కార్లు చూడటం ఒక విద్యలా అబ్బింది. సీసీలు, హార్స్‌పవర్లు, టార్క్ లెక్కలు ఇప్పటికీ ఇష్టంగా చదువుతాను. కానీ కారు మంచిదా కాదా అన్నది వెనక డోరు తీశాకే చెబుతాను.

ఎందుకంటే మన ఊళ్లో కారు ఇంటిల్లిపాదినీ మోస్తుంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఉగాది వచ్చేదాకా ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతర. పెళ్లిళ్ల కాలంలో చేర్యాల, దుబ్బాక, హుస్నాబాద్ దాకా దావత్‌లు. అవ్వకు గుండె పరీక్షలు చేయించాలంటే రాజీవ్ రహదారి మీద హైదరాబాద్‌కు పోను వంద కిలోమీటర్లు, రాను వంద. ఈ ప్రయాణాల్లో నడిపేది ఒక్కరు. వెనక ముగ్గురు, ఒళ్లో పిల్లలతో కలిపి ఒక్కోసారి ఐదుగురు. మోకాళ్ల నొప్పులున్న అవ్వ, కారెక్కితే వాంతులయ్యే పిల్ల, నెలలు నిండిన కోడలు కూర్చునేది అక్కడే. కారు అవసరం ఎవరికి ఎక్కువో, ఆ కారును ఎంచే రోజున వాళ్లు షోరూమ్‌లో ఉండరు.

మా పెద్దమ్మ కొడుకు ఒక ఎత్తైన ఎస్‌యూవీ మీద మనసుపడ్డప్పుడు, ఆమెను కూడా తీసుకురమ్మన్నాను. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో పైనున్న పిడి అందుకుని ఎక్కింది. కాసేపు కూర్చుని దిగబోతే కాలు నేలకు అందలేదు. "బిడ్డా, ఎక్కుడు ఎట్లనో ఎక్కిన గని, దిగుడే కష్టమున్నది" అంది. "జర పదిలం పెద్దమ్మా" అని చెయ్యందిస్తే మెల్లగా దిగింది. పక్కనే కొంచెం తక్కువ ఎత్తున్న ఇంకో బండి ఉంది. దాని సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తుకు వచ్చింది. వంగకుండా, కాలెత్తకుండా, మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని పక్కకు జరిగింది. ఇంజిన్ల గురించి అప్పటిదాకా సాగిన చర్చ అక్కడితో ఆగిపోయింది. రెండో బండికే అడ్వాన్సు కట్టారు.

నేను చూసే పద్ధతి ఇది. ముందు డ్రైవర్ సీటును నడిపేవాళ్ల పొడవుకు తగ్గట్టు జరపాలి. అప్పుడు దాని వెనకే కూర్చోవాలి. మోకాలికీ ముందు సీటుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. తొడలు సీటు మీద నిండుగా ఆనాలి. మోకాళ్లు పైకి లేచి ఉన్నాయంటే గజ్వేల్ దాటేసరికి నడుము పట్టేస్తుంది. మధ్యలో కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర నేల ఎంత ఉబ్బెత్తుగా ఉందో చూడాలి. ఆ తర్వాత కిటికీ చూడాలి. ఇప్పటి ఎస్‌యూవీల్లో అద్దం అంచు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తోంది. బయటి నుంచి చూపులకు బాగుంటుంది గానీ లోపల ఆరేళ్ల పిల్లకు రోడ్డు కనిపించదు. ఒంటికి కుదుపు తెలుస్తూ, కంటికి కదలిక కనిపించకపోతే కడుపులో తిప్పుతుంది. దారి పొడవునా పిల్లలు వాంతులు చేసుకుంటున్నారని బాధపడే ఇళ్లు ఈ కిటికీ సంగతి ఒకసారి ఆలోచించాలి.

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ వాళ్లు నేరుగా రాజీవ్ రహదారి ఎక్కిస్తారు. నాలుగు వరసల రోడ్డు మీద ఏ కారైనా హాయిగానే పోతుంది. బండిని ఏదైనా ఊళ్లోకి తిప్పమనండి. వరసగా స్పీడ్ బ్రేకర్లున్న చోట, మీరు వెనక కూర్చుని, ముప్పై వేగంతో పోనివ్వమనండి. వెనక సీటు వెనక చక్రాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడే గట్టిగా తగులుతుంది. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి తెలియని కుదుపు వెనకున్న వాళ్ల వెన్నుకు తెలుస్తుంది.

ఈ కొలత పెట్టుకుని చూస్తే కార్ల కంపెనీల కథ నాకు కొత్తగా అర్థమైంది. ఒకప్పుడు కారంటేనే వెనక సీటు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం సింహాసనం లాంటి వెనక సీటుతో చేయించారు. 1911లోనే ఆయన కన్నుమూశారు, ఆ సీటులో కూర్చునే యోగం ఆయనకు దక్కలేదు. ఆ దర్జాకు సర్కారు రూపం అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలై 2014 దాకా తయారైంది. కలెక్టరైనా ఎమ్మెల్యే అయినా ఆ పొడవాటి వెనక సీట్లోనే కూర్చున్నారు. బ్రేకులు బరువు, స్టీరింగ్ బరువు, డీజిల్ ఇంజిన్ మోత. అయినా వెనక ముగ్గురు పెద్దవాళ్లు భుజాలు రాసుకోకుండా కూర్చునే ఆ వైశాల్యాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800 కారును మధ్యతరగతి ఇంటి ముందుకు తెచ్చింది. 796 సీసీల చిన్న ఇంజిన్, ఎక్కడ చెడినా బాగుచేయగల మెకానిక్, ఇంటి యజమానే డ్రైవరు. మన దేశంలో మనుషులు వెనక సీటు నుంచి ముందుకు మారింది ఆ కారుతోనే. వెనక చోటు మాత్రం ఇరుకైంది. ఆ లోటును పట్టుకున్నది టాటా ఇండికా. బయటికి మారుతి జెన్ అంత, లోపల అంబాసిడర్ అంత ఉండాలన్న రతన్ టాటా ఆలోచనతో 1998 డిసెంబర్‌లో వచ్చింది. ట్యాక్సీ వాళ్లు దాన్ని ఊరికే నెత్తిన పెట్టుకోలేదు. డీజిల్ ఖర్చు తక్కువ, వెనక కూర్చున్న బేరం సుఖంగా దిగేది. 2009లో రోడ్డెక్కిన నానోదీ అదే గుణం. ఇంజిన్‌ను వెనక్కి పెట్టి, పైకప్పు ఎత్తు చేసి, అంత చిన్న బండిలో నలుగురికి కాళ్లు చాపుకునే చోటిచ్చారు. దాన్ని అతి చవక కారని చాటింపు వేయడమే దాని కొంప ముంచింది. మన వాళ్లు నలుగురిలో తలెత్తుకోవడానికి కారు కొంటారు. చవకదన్న ముద్ర పడ్డ బండిని ఇంటి ముందు పెట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? 2018లో అది ఆగిపోయినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

ఇప్పుడు కార్లు మన తెలుగు నేల మీదే తయారవుతున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా పెట్టిన ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ వచ్చింది. అనంతపురం కరువు నేల నుంచి విదేశాలకు కార్లు ఎగుమతి కావడం చూస్తే ఛాతీ ఉప్పొంగుతుంది. ఒకప్పుడు మనమూ జహీరాబాదూ ఒకే మెదక్ జిల్లా. ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు పుట్టిన ఆ జహీరాబాద్‌లో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఇంత చేతనైన కంపెనీలకు నా మనవి ఒకటే. సన్‌రూఫ్‌ల పోటీ ఆపి ఆ డబ్బును వెనక సీటు మీద పెట్టండి. మే నెల సిద్దిపేట ఎండలో నెత్తిన గాజు పలక ఎవరికి కావాలి? పైగా నడుస్తున్న కార్లలో పిల్లలు ఆ కంతలోంచి నిలబడి చేతులు ఊపుతున్నారు. గట్టిగా ఒక్క బ్రేకు పడితే ఆ పిల్లల గతేమిటి?

వెనక సీటును మరచి స్టీరింగ్ మీద పెంచుకున్న మోజులో సినిమాలకు కూడా వాటా ఉంది. మన తెరమీద కారంటే హీరో చేతిలో స్టీరింగ్, గాల్లోకి లేచే సుమోలు. వెనక సీట్లో ఉంటే విలనో, డబ్బున్న తండ్రో. అయినా సినిమాల్లో కార్లంటే నాకు పిచ్చి ప్రేమ. 2018లో వచ్చిన ‘టాక్సీవాలా’ను నేను ఆ నల్ల కాంటెస్సా కోసమే చూశాను. ఇక ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి అనే బండి సంగతి చెప్పాలి. దర్శకుడు నాగ్ అశ్విన్ 2022లో ఆనంద్ మహీంద్రాను ట్విట్టర్‌లో బహిరంగంగా సాయం అడిగారు. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూర్‌లోని జయం ఆటోమోటివ్స్ కలిసి ఆరు టన్నుల బండిని నిజంగానే తయారుచేశారు. ముందు రెండు భారీ చక్రాలు, వెనక గుండ్రని ఒకే చక్రం. 2024 మేలో రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రభాస్ దాన్ని నడుపుకుంటూ వచ్చారు. గ్రాఫిక్స్‌తో సరిపెట్టే అవకాశం ఉన్నా, నేల మీద కదిలే బండినే చేయించిన ఆ పట్టుదలకు నేను దండం పెడతాను. తెలుగు సినిమా ఒక కార్ల కంపెనీ చేత చేయించిన గొప్ప పని అది.

సినిమావాళ్లలో నేను ఇంకా ఎక్కువ గౌరవించేది జూనియర్ ఎన్టీఆర్ మాటను. 2009 ఎన్నికల ప్రచారం నుంచి వస్తూ సూర్యాపేట దగ్గర ప్రమాదంలో ఆయన తీవ్రంగా గాయపడ్డారు. 2014లో అన్న జానకిరామ్‌ను, 2018లో తండ్రి హరికృష్ణను రోడ్డు ప్రమాదాలే తీసుకుపోయాయి. సినిమా వేడుకల్లో అభిమానులను క్షేమంగా ఇంటికి చేరమని ఆయన వేడుకుంటారు. తెరమీద ఎన్ని ఛేజింగులు చేసినా, ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో నటన ఉండదు.

ఊరి సంగతికొస్తే, కార్లను ప్రేమించే మనిషిగానే చెబుతున్నాను, సిద్దిపేటలో చాలా పనులకు కారు అక్కర్లేదు. కోమటి చెరువు కట్ట మీద నడవడానికి కారులో వచ్చి, పార్కింగ్ కోసం నాలుగు చుట్లు తిరగడం ఏం సుఖం? హైదరాబాద్‌కు ఒంటరిగా పోయే రోజున నేను రైలు చూసుకుంటాను. 2023 అక్టోబర్ 3న సిద్దిపేటకు మొదటి రైలు వచ్చింది. ఈ ప్రాంతం తరతరాలుగా ఎదురుచూసిన రైలు అది, దాన్ని వాడుకుంటేనే నిలుస్తుంది. రోడ్డు మీద శామీర్‌పేట దాకా హాయిగా పోయిన బండి అల్వాల్ నుంచి ప్యారడైజ్ దాకా పాకుతుంది. అక్కడ ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే మన దారి బాధ తగ్గుతుంది. కారును ఇంటిల్లిపాదీ కలిసి పోవడానికి దాచుకోండి. ఒక్కరికోసం అంత ఇనుమును కదిలించడం దండగ.

ఇంటిల్లిపాదీ పోయేటప్పుడు మాత్రం ఒక్క విషయంలో మొహమాటం వద్దు. అదే సీటు బెల్టు. మూడుచోట్ల పట్టి ఉంచే బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ తెచ్చారు. ప్రాణాలు నిలిపేదని ఆ కంపెనీ పేటెంటును అందరికీ వదిలేసింది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వెనక సీట్లో ముందుకు తిరిగి కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 2022 సెప్టెంబర్‌లో పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారు వెనక సీట్లోనే, బెల్టు లేకుండానే. ఇప్పుడు అందరూ కారు భద్రతకు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు చూసి కార్లు కొంటున్నారు, మంచిదే. అయితే గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దించే ఆ పరీక్షలో పెద్దవాళ్ల బొమ్మలు ముందు సీట్లలోనే ఉంటాయి. వెనక ఉండేవి పిల్లల సీట్లలో కట్టిన పిల్లల బొమ్మలు. అయిదు స్టార్ల కారైనా, వెనక బెల్టు లేకుండా కూర్చున్న అవ్వకు ఆ స్టార్లు ఏ హామీ ఇవ్వవు. గుద్దుకున్నప్పుడు ఆమె ముందు సీటు మీదికి దూసుకొస్తుంది. నడిపే కొడుకుకూ ఆ దెబ్బ తగులుతుంది.

బెల్టు పెట్టుకోమంటే చాలా ఇళ్లలో వినిపించే జవాబు, "వెనక బెల్టులు పని చెయ్యవన్నా" అని. నేను దిగి చూస్తాను. కొత్త కారు షోరూమ్ నుంచి నేరుగా సీటు కవర్ల దుకాణానికి పోతుంది. అక్కడ వెనక సీటంతటికీ కలిపి రెక్సిన్ కవర్ బిగిస్తారు. బెల్టు గుచ్చే బకిళ్లు ఆ కవర్ కింద పడి ఉంటాయి. సీటుకూ వీపుకూ మధ్య సందులో చెయ్యి దూర్చి తడిమితే, కొన్న నాటి నుంచి ఎవరూ ముట్టని బకిల్ దుమ్ముతో చేతికి తగులుతుంది. కంపెనీ ఇచ్చిన బెల్టు బాగానే ఉంది, మనం చేయించిన సోకు దాన్ని పూడ్చేసింది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఈ మందపాటి కవర్లు దానికీ అడ్డుపడతాయి. కవర్ తప్పనిసరి అనుకుంటే, బకిళ్ల దగ్గర చీలికలు, ఎయిర్‌బ్యాగ్ దగ్గర విడిపోయే కుట్టు ఉన్నదే వేయించుకోండి.

కారున్న ప్రతి ఇంటికీ నా విన్నపం ఇది. ఈ ఆదివారం ఎక్కడికైనా బయల్దేరే ముందు మీ కారు వెనక డోరు తీయండి. సీటు సందులో చెయ్యి పెట్టి బకిళ్లన్నీ పైకి లాగండి, ఒక్కొక్కటీ పెట్టి చూడండి. అవ్వకు, పిల్లలకు మీరే బెల్టు పెట్టండి, తర్వాతే తాళం తిప్పండి. కొత్త బండి కొనబోయేవాళ్లు ఇంటి పెద్దావిడను షోరూమ్‌కు తీసుకుపోండి. ఆమె ఎక్కి, కూర్చుని, దిగి, బాగుందని చెప్పాకే అడ్వాన్సు కట్టండి.