హ్యుయన్‌త్సాంగు వ్రాయని ఊరు

గడచిన వేసవి సెలవులలో నొకనాటి సాయంకాలము, మా పాఠశాలలో చదివి వెడలిన యువకుడొకడు పెద్దాపురమున మా యింటికి వచ్చి తన సెల్‌ఫోనులో నొక వీడియో చూపెను. మన దేశపు యాత్రికుడొకడు చైనాదేశపు పడమటి భాగముననున్న తుర్ఫాను పట్టణమునకు పోయి తీసినది. సముద్రమునకు వేయి మైళ్లకు పైబడిన దూరమున, ఎడారి నడుమ పల్లపు నేలలో నున్న యూరు. ద్రాక్షపందిళ్లు, గాలి యాడుటకై కన్నములు విడిచి కట్టిన ఇటుక గదులలో ఎండుచున్న పండ్లు, కొండమంచు నీటిని భూగర్భమార్గమున ఊరికి దెచ్చు కరేజులను కాలువలు, పూలకుట్టు టోపీలు ధరించి నృత్యము చేయుచున్న ఉయిఘూరు స్త్రీపురుషులు. అన్నియు పావుగంటలో ముగిసెను.

"మాస్టారండీ, ఆ ఊరివాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో చూశారాండీ?" అని యతడడిగెను.

చూచితిని. కాని యా పావుగంటలో ఉయిఘూరుడొక్కడైనను నోరు విప్పి మాటాడలేదు. వారు నవ్విరి, ఆడిరి, పండ్లనందిచ్చిరి. మాటాడిన వాడు యాత్రికుడొక్కడే. అతడు పోయిన పిదప నాకు రాత్రియంతయు నిద్ర పట్టలేదనుట అతిశయోక్తి యగును గాని, ఎన్నడో సగము చదివి విడిచిన యొక పాతపుస్తకము మాత్రము జ్ఞప్తికి వచ్చెను. ఆ యూరికే 630వ సంవత్సరప్రాంతమున పోయి, అటనుండి హిందూదేశమంతయు తిరిగి మన వేంగీనాడును గూడ చూచిన హ్యుయన్‌త్సాంగు గ్రంథమది.

ఈ చైనా భిక్షువు పేరెరుగని తెలుగు విద్యార్థి యుండడు. గ్రంథమును చదివిన తెలుగువాడు మాత్రము అరుదు. బీల్ పండితుని ఆంగ్లానువాదము 1884లో రెండు సంపుటములుగా వెలువడినది. నేను చదివిన ప్రతి కాకినాడలో నొక మిత్రుని తాతగారిది. అందు రెండవ సంపుటమున ఆంధ్రదేశవర్ణనమున్న పుటలు నలిగి, మాసి, అంచులు చిరిగియున్నవి. మన జనుల స్వభావము తీక్ష్ణమనియు ఉగ్రమనియు చెప్పిన వాక్యము ప్రక్కన ఎవరో పెన్సిలుతో "అబద్ధము" అని వ్రాసియుంచిరి. మొదటి సంపుటమున మధ్య ఆసియా పుటలు కొన్ని అచ్చుకూటమునుండి వచ్చినట్లే, అంచులు కోయకయే యున్నవి. మనలనుగూర్చి పరుడేమనెనో యని వెదకుకొనుటకే పుస్తకమును తెరచితిమి. అతడు మనవంటి పరులనుగూర్చి యేమనెనో మనకక్కరలేకపోయెను.

ఆ పుటలను కోసి చదివితిని. తుర్ఫానునకు పడమట, నేడు ఉయిఘూరులు విశేషముగా నివసించు మరియొక పట్టణము కూచా. ఆ రాజధాని చుట్టుకొలత 17, 18 'లీ'లనియు, వేంగి యని పండితులు గుర్తించిన ఆంధ్రరాజధాని చుట్టుకొలత 20 లీలనియు భిక్షువు చెప్పెను. కూచాలో విహారములు నూరు, భిక్షువులు ఐదు వేలు. ఆంధ్రమున విహారములు ఇరువది, భిక్షువులు మూడు వేలు. అచ్చట గోధుమ, ద్రాక్ష, దానిమ్మ, బంగారు రాగి ఇనుప గనులు. ఇచ్చట సారవంతమైన నేల, ఉక్క. అచ్చటివారి లిపి హిందూదేశమునుండి కొద్దిమార్పులతో గ్రహింపబడినది. ఇచ్చటి భాష మధ్యదేశపు భాషకు భిన్నమైనను లిపి చాలవరకు సమానము. తుదకు స్వభావము: వారు నిష్కపటులు, మనము ఉగ్రులము. ఒకే అచ్చులో పోసిన ఇటుకలవలె నొక్కొక్క దేశము దిగుచున్నది. చుట్టుకొలత, నేల, పంట, గనులు, ఎండ, గుణము. మండల కచేరీలో గ్రామలెక్కలు వ్రాయు పద్ధతి యిదే గాదా?

పెన్సిలుతో అబద్ధమని వ్రాసిన పెద్దమనిషిని నేను తప్పుపట్టను. కాని యది అబద్ధమో నిజమో తేల్చుటకంటె, ఏ సమయమున వ్రాయబడెనో చూచుట మేలు. భిక్షువు మన దేశమునకు వచ్చినది సుమారు 639లో. దానికి ముందే చాళుక్య పులకేశి తీరాంధ్రముపై దండెత్తి, పెద్దాపురమునకు కూతవేటు దూరమనదగిన మన పిఠాపురపు కోటను గెలిచి, కొల్లేటి నీటిని రక్తసిక్తము చేసెను. 634 నాటి ఐహోళె శాసనమున రవికీర్తి యా విజయమును పొగడుచు పిష్టపురమను పేరుపై పిండి యను అర్థమున శ్లేష గూర్చెను. ఊరు పిండియగుట కవికి శబ్దాలంకారము; ఆ ఊరివారికేమో! పిదప పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగీనాట నిలుపబడెను. క్రొత్తగా పరులచేజిక్కిన జనపదమున బాటసారి కండ్లబడినది ఉగ్రతయే యైనచో వింతలేదు. వింత యేమనగా, ఆంధ్రవర్ణనమున యుద్ధప్రసక్తి లేదు, రాజు పేరును లేదు. మహారాష్ట్రమును వర్ణించునపుడు పులకేశి పేరును, అతని సేనాబలమును చెప్పిన లేఖిని, ఆ సేన నడచిపోయిన నేలకు వచ్చునప్పటికి గుణమొక్కటి చెప్పి కారణమును విడిచిపెట్టినది.

అయినను మనపట్ల జరిగిన లోపము చిన్నది. తుర్ఫానుపట్ల జరిగినది పెద్దది.

నాడు తుర్ఫాను ప్రాంతమునకు గావ్‌చాంగు రాజ్యమని పేరు. ఆ నగరశిథిలములు నేటి పట్టణమునకు చేరువనే యున్నవి. రాజు చ్యూ వెన్‌తాయి. దేశాంతరగమనమును నిషేధించిన చక్రవర్త్యాజ్ఞను మీరి, రహస్యముగా సరిహద్దు దాటి, ఎడారిలో దప్పిచే చావు తప్పించుకొని వచ్చిన యువభిక్షువును ఈ రాజు రప్పించుకొనెను. అర్ధరాత్రమున దివిటీలతో ఎదురేగి లోనికి గొనిపోయెను. తన యూరనే నిలిచిపొమ్మని బ్రతిమాలెను, పిమ్మట నిర్బంధించెను. భిక్షువు మూడు దినములు పచ్చినీరైన ముట్టక కూర్చుండెను. నాలుగవనాడు అతని శ్వాస సన్నగిలుట చూచి రాజు సిగ్గుపడి వదలెను. ఇరువురును రాజమాత సమక్షమున అన్నదమ్ములుగా ప్రమాణము చేసికొనిరి. తిరిగి వచ్చునపుడు మూడు సంవత్సరములు అచ్చట నుండునట్లు భిక్షువు మాట యిచ్చెను. రాజు ఆ తమ్మునకు నూరు పలముల బంగారము, ముప్పదివేల వెండినాణెములు, ఐదువందల తానుల పట్టు, ముప్పది గుఱ్ఱములు, ఇరువదియైదుగురు పరిచారకులు, త్రోవలోని రాజులకు ఇరువదినాలుగు లేఖలు, చలికి ముఖమును కప్పుకొను ముసుగులను సైతము ఇచ్చి పంపెను. ఇరువది యేండ్లకు సరిపడు సంభారమట! మగ్గములపై పట్టుచీరలు నేయు మా యూర ఐదువందల తానులన్న నేమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతటి యాతిథ్యము గ్రంథమున ఎన్ని పుటలు నిండియుండునని చదువరులు తలంతురు? ఒక్కటియు లేదు. గ్రంథారంభమున, గావ్‌చాంగు పాతదేశమును దాటినపిదప తగులు మొదటి రాజ్యము అగ్నిదేశమని చెప్పి కథ సాగించెను. ఆ 'పాత' యను విశేషణమొక్కటే రాజునకు దక్కిన తర్పణము.

కారణము వెదకుట కష్టము కాదు. 640లో చైనా చక్రవర్తి తాయిత్సుంగు గావ్‌చాంగుపై సేనను పంపెను. చ్యూ వెన్‌తాయి యా సంవత్సరముననే మరణించెను. రాజ్యము సామ్రాజ్యమున నొక మండలమయ్యెను. భిక్షువు మూడేండ్ల మాట చెల్లించుటకు అన్నయు లేడు, దేశమును లేదు. అతడు ఖోటాను మార్గమున 645లో స్వదేశము చేరగా, ఆ చక్రవర్తియే ఆదరించి, పడమటి దేశముల వృత్తాంతమునంతయు వ్రాసి సమర్పింపుమని కోరెను. శిష్యుడు ప్యెన్‌చి కూర్పరిగా 646లో గ్రంథము సిద్ధమయ్యెను. ఎవరికొరకు వ్రాయబడినదో తెలిసినపుడు, నేల, గని, కోట, గుణము అను నా పట్టిక యేల యట్లున్నదో తెలియుచున్నది. కూచారాజు బుద్ధిమాంద్యము గలవాడనియు, బలవంతులగు మంత్రులకు లోబడినవాడనియు గూడ అందున్నది. 648లో చక్రవర్తిసేనలు కూచాపై నడచెను. మరుసటి సంవత్సరారంభమునకు పట్టణము పడెను. ఈ పుస్తకమే ఆ సేనను నడిపించెననుట అన్యాయము. చక్రవర్తులకు చారులు వేరుగా నుందురు. కాని చారుడు కోరదగిన విషయమును, సాధువు మరువరాని విషయమును ఒకే పుస్తకమున తూచినపుడు, మొదటిది మిగిలినది, రెండవది జారినది.

ఇందుకు భిక్షువును కృతఘ్నుడని తిట్టువారు తొందరపడిన వారగుదురు. అతడు ఆజ్ఞను మీరి పోయినవాడు. తెచ్చిన 657 గ్రంథములను అనువదించుటకు రాజాశ్రయము కావలసినవాడు. కాషాయము వదలి మంత్రిపదవి గైకొమ్మని చక్రవర్తి యడుగగా ఒల్లననుటకు తగిన ధైర్యము గలవాడు. ఆ ధైర్యమునంతటిని అచ్చట వెచ్చించి, అన్న పేరు చెప్పుట యొద్దకు వచ్చునప్పటికి మౌనము వహించెను. మనలో సర్కారు నౌకరి చేసి కుటుంబములను పోషించుకొనువారము ఆ మౌనమును చూచి నవ్వుటకు అర్హులము కాము.

అయిన ఆ దివిటీల రాత్రి మనకెట్లు తెలిసినది? శిష్యుడైన హ్వీలీ వలన. అతడు గురుచరిత్రమును వ్రాసి, లోపములున్నవేమో యను భయమున భూగృహమున దాచి, అవసానకాలమున శిష్యులచే వెలికి దీయించెనట. యెన్‌త్సుంగు దానిని 688లో పూర్తిచేసెను. గురువు చక్రవర్తికొరకు వ్రాసెను. శిష్యుడు గురువుకొరకు వ్రాసెను. ముసుగులు, పండ్ల బండ్లు, రాజమాత, కన్నీరు అన్నియు శిష్యుని పుస్తకముననే కలవు. ధాన్యకటకమున సుభూతి సూర్యులను ఇరువురు భిక్షువులయొద్ద గురువు కొన్ని మాసములు మహాసాంఘిక శాస్త్రములు చదివి, తాను మహాయానమును వారికి చెప్పెనని తెలుపునదియు నీ చరిత్రమే. ఉగ్రులమన్న మనవారు ఆయనకు గురువులును శిష్యులును గూడ నైరి! పెన్సిలు పెద్దమనిషికి ఈ పుస్తకము దొరకియుండిన ఎంత సంతోషించియుండునో.

సంస్కృతము చదివినవాడనగుటచే నొకమాట చెప్పక వదలలేను. కూచా ప్రాంతపు ఇసుకలో దొరకిన తాళపత్ర, కాగితపు ఖండములలో సంస్కృతపదము, దాని ప్రక్కనే ఆ దేశభాషలో నర్థము, మరల సంస్కృతపదము, మరల నర్థము, ఈ రీతిగా వ్రాసిన ఉదానవర్గ ప్రతులు కలవు. అది మన ప్రతిపదార్థమే. ఎడారియంచున నొక బాలుడు మన పిల్లలవలెనే విభక్తులకు తడబడుచు, తన తల్లిభాషలో అర్థమును అప్పగించియుండును. ఆ దేశపు కుమారజీవుడే 409లో నాగార్జునుని మాధ్యమికశాస్త్రమును చైనాభాషలోనికి దెచ్చెను. ఇంత బంధుత్వమును 'లిపి హిందూదేశమునుండి గ్రహింపబడినది' యను ముక్తసరి మాటలో ఎవరు చూడగలరు?

ఇక ఉయిఘూరులు. హ్యుయన్‌త్సాంగు పోయిన కాలమునకు వారింకను ఆ యూరివారు కారు. మంగోలియాలోని వారి రాజ్యము 840లో కూలిన పిదప వచ్చి, గావ్‌చాంగును రాజధానిగా చేసికొనిరి. నాటివారు బౌద్ధులు మొదలగు మతములవారు. 15వ శతాబ్దినాటికి మహమ్మదీయులైరి. ఆ బౌద్ధదశలో బేష్‌బలిక్కు నగరవాసి షింగ్కో షాలి యను పండితుడు ఈ హ్వీలీ గ్రంథమునే ఉయిఘూరుభాషలోనికి అనువదించెను. దాని ఖండములు నేడు చైనా, రుష్యా గ్రంథాలయములలో కలవు. శిష్యుడు దాచిన కథను వారు తమ భాషలోనికి దెచ్చుకొనిరని చదివినపుడు నాకు కలిగిన యానందమును మా యింటివారు గూడ గమనించి, ఏమి కారణమని అడిగిరి.

మరల మా శిష్యుని వీడియోకడకు. 2017 మొదలు ఆ దేశమున ఉయిఘూరులు మొదలగు ముస్లిములను విచారణ లేకయే పెద్దసంఖ్యలో శిబిరములలో నిర్బంధించిరనియు, ఆ చర్యలు మానవజాతిపై నేరములు కావచ్చుననియు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2022 ఆగస్టు 31న ప్రకటించిన నివేదికలో కలదు. అవి వృత్తివిద్యాశాలలని చెప్పి చైనా ప్రభుత్వము ఆ నివేదికను త్రోసిపుచ్చినది. నాకు మాత్రము ఒక యుపాధ్యాయురాలి సంగతి మనస్సున నాటియున్నది. షింజియాంగు విశ్వవిద్యాలయమున ఆచార్యురాలు రహీలె దావుత్ ఊరూరు తిరిగి, తమ జనుల సమాధిక్షేత్రములను, యాత్రలను, పాటలను, వృద్ధుల కథలను సేకరించి గ్రంథస్థము చేసినది. 2017 డిసెంబరునుండి ఆమె కానరాలేదు. యావజ్జీవశిక్ష విధింపబడినదని 2023లో తెలిసినది. ఆ ఎడారి త్రోవలలో ఏ ముసలివాని నడిగిన ఏ కథ చెప్పునో ఎరిగిన మనిషి కారాగృహమున నుండగా, పావుగంట చూచి వచ్చినవాడు ఆ యూరి సంతోషమునుగూర్చి మనకు చెప్పుచున్నాడు. నృత్యము బూటకమని నేననను. దుఃఖితులును ఆడుదురు, పెండ్లిండ్లును జరుగును. యాత్రికుడు దుర్మార్గుడనియు అనను.

ఈ మాటలన్నియు పదిదినముల పిమ్మట వచ్చిన శిష్యునితో చెప్పితిని. అతడు వాదింపలేదు. ఫోను తీసి, ఆ వీడియోను మొదటినుండి మరల చూచెను. ఒకచోట ఆపి, ద్రాక్షపందిరి క్రింద యాత్రికునకు రొట్టె విరిచి పెట్టుచున్న యొక వృద్ధురాలిని చూపుచు, "మొత్తం చూశానండీ, మాస్టారూ. ఆ మామ్మగారి పేరు ఎక్కడా చెప్పలేదండి" అనెను.